సీసెడు నీళ్లు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. నాన్న చంద్రకాంత్, అమ్మ అరుణ, పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న నిషిత, మూడు కాళ్ల స్టాండుతో కెమెరా తెచ్చిన బ్రోకర్ నవీన్‌కుమార్.

గడప దాకా వచ్చిన ఐదో మనిషిని ఎవరూ లెక్కపెట్టలేదు.

"గిది మామూలు కెమెరా కాదన్నా. నాలుగు దిక్కులు ఒక్కపారే తీస్తది. ఏ గదిల పెడితే ఆ గదిల నరమనిషి ఉండొద్దు," అన్నాడు నవీన్‌కుమార్.

పిల్లి కూనల్ని మార్చినట్టు ముగ్గురినీ ఒక గది నుంచి ఇంకో గదికి మార్చాడు.

"మన ఇంట్ల మనమే దొంగలమైతిమి," అని అమ్మ నవ్వింది.

నాన్న కంపెనీ పటాన్‌చెరు నుంచి జడ్చర్లకు మారి ఆరు నెలలైంది. ఆయన అక్కడ ఒంటరిగా కిరాయి గదిలో ఉంటున్నాడు. పోతిరెడ్డిపల్లి చివరనున్న ఈ ఇల్లు అమ్ముడుపోతే గాని ముగ్గురూ ఒకచోట ఉండలేరు.

ఇప్పటికి ఎనిమిది మంది వచ్చి చూశారు. అందరికీ ఇల్లు నచ్చింది. నల్లా తిప్పగానే పసుప్పచ్చగా పడ్డ బోరు నీళ్లు చూసి, "మళ్ల ఫోన్ జేస్తం," అని వెళ్లిపోయారు.

"ఇల్లు ఫోన్లనే తిప్పి సూపెడుదాం. ఫోన్ల నీళ్ల రుచి తెల్వదు గదన్నా," అని ఉపాయం చెప్పినవాడు నవీన్‌కుమారే.

హాల్లో కెమెరా పెట్టి అందరూ వంటింట్లో దాక్కున్నప్పుడు తలుపు చప్పుడైంది.

"ఉరుకు బిడ్డా, ఎవరో సూడు. జల్దీ పంపియ్యి," అన్నాడు నాన్న.

గడప బయట ఒక ముసలామె. తల మీద తెల్లని ఓణీ. చేతిలో గుడ్డసంచి. సంచి నిండా సీసాలు. ఒక్కోదానికి అంటించిన కాగితం మీద గల్లీ నంబరు.

"బేటా, ఒక్క సీసెడు బోరు నీళ్లు పట్టియ్యి. ఈ గల్లీల కట్టిన ఇల్లు మీదొక్కటే."

ఏం చెప్పాలో తెలియక నిషిత వంటింటి వైపు చూసింది.

అమ్మ తలుపు సందులోంచి చెయ్యి ఊపింది. "ఇయ్యకు! మన నీళ్లు ఊరంత సూపెడ్తదా ఏంది? మంచిగున్నయని చెప్పు," అంది గుసగుసగా.

"మా నీళ్లు మంచిగనే ఉన్నయ్," అంది నిషిత.

ముసలామె ముఖం విప్పారింది.

"సచ్చీ? తియ్యగున్నయా?"

"ఆ."

"షుకర్ హై, దేవుని దయ. అన్ని గల్లీలు ఖరాబైనా, ఈడనన్న నా మాట నిలబడ్డది."

సంచిలోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుంది. తర్వాత రెండు చేతులూ కలిపి దోసిలి పట్టింది.

"అయితే ఒక్క గుక్క పొయ్యి బేటా. ఎండల తిరిగి నోరెండింది. తాగి పోత."

వంటింట్లో కొన్న నీళ్ల క్యాను ఉంది. అందులోంచి ఒక గ్లాసు తెచ్చి ఇవ్వొచ్చని నిషితకు తట్టనే లేదు. ఆమె లోపలికి వస్తుందేమో, నల్లా తిప్పుతుందేమో అన్న భయమొక్కటే తట్టింది.

"నీళ్లు లేవు," అని తలుపు మీద చెయ్యి వేసింది.

వెనక హాల్లో, టైమరు పెట్టి వదిలిన కెమెరా టిక్కుమంది.

ఫొటోలు చూసుకుంటూ నవీన్‌కుమార్ తల గోక్కున్నాడు. "తలుపు దిక్కు నువ్వు పడ్డవ్ పాపా. ఏం కాదు. గటు తిప్పి ఎవ్వరు సూడరు."

రెండు నెలలకు, జిన్నారంలో ఉద్యోగం చేసే శ్రావణ్‌కుమార్‌కు ఇల్లు ఫోన్‌లోనే నచ్చింది. కాయితాలు చూడటానికి వచ్చాడు. నాన్న రిజిస్ట్రీ కాయితాలు బల్ల మీద పరిచాడు.

"కాలనీకి మంచినీళ్ల పైపు పడుతుందట గదన్నా. ఈ గల్లీకి ఎప్పుడు?" అని అడిగాడతను.

గల్లీ మలుపులో పైపులు వేయిస్తున్న మేస్త్రీ యాదన్నను నాన్న కేకేసి పిలిచాడు.

"ఈ గల్లీకి లేదు సార్," అన్నాడు యాదన్న. "నీళ్లు తియ్యగున్నయని మీరే చెప్పిన్రట గద. తాజున్నీసమ్మ పుస్తకంల గట్లనే ఉంది."

"ఎవరామె?"

"రెండేండ్లు ఇంటింటికి తిరిగి సీసాలల్ల నీళ్లు పట్టి, ఆఫీసుల బల్లల మీద పెట్టి కొట్లాడింది సార్. ఈ పైపు ఆమె పుణ్యమే. పడేది సూడకనే పోయిన నెల కాలం చేసింది, పాపం."

శ్రావణ్‌కుమార్ లేచి నల్లా తిప్పాడు. కాసేపు చూశాడు. కట్టేశాడు.

"మళ్ల ఫోన్ జేస్తనన్నా."

తొమ్మిదో మనిషి.

"మన నీళ్ల ముచ్చట ఆమెకెందుకట!" నాన్న విసురుగా కాయితాలు నిషిత వైపు తోశాడు.

'నా మాట నిలబడ్డది' అన్న ముసలామె గుర్తొచ్చి నిషిత నెమ్మదిగా అడిగింది. "నాన్నా, ఈ ప్లాటు తాతకు ఎవరమ్మిన్రు?"

"ఎవరో ఒకామె. ఈ పొలమంత వాళ్లదే ఉండెనట. ఈడ నీళ్లు తియ్యగుంటయ్, నాది జబాన్, మాటంటే మాటే అన్నదట. ఆ మాట మీదనే మీ తాత కొన్నడు. పేరు కాయితంల ఉంటది సూడు."

నిషిత చూసింది. రెండోసారి కూడా చూసింది.

తర్వాత ఫోన్ తీసి, అందులో ఇంకా అమ్మకానికే ఉన్న తమ ఇంట్లోకి వెళ్లింది. హాల్లో ఆగింది. ఎవ్వరూ తిప్పి చూడరన్న వైపు వేలితో తిప్పింది.

తాతకు ఈ నేల అమ్మిన తాజున్నీసా బేగం గడప బయట దోసిలి పట్టి నిలబడి ఉంది. నిషిత చెయ్యి ఆమె ముఖం మీద తలుపు వేస్తోంది.