మేనల్లుడి కెమెరా

"కెమెరా నాది కాదమ్మా, మా మేనల్లుడిది" అన్నాడు సత్యవేదం, ఎవరూ అడక్కముందే.

ఏలూరులోని ఆ కెమెరా సామాన్ల షాపులో మధ్యాహ్నం వేళ వేరే బేరాలేవీ లేవు. కౌంటరు వెనకున్న అమ్మాయి తలూపి, "ఏ మోడలో చూడొచ్చాండీ?" అంది.

సత్యవేదం గుడ్డసంచీలోంచి కెమెరా తీసి బల్లమీద పెట్టాడు. సంచీమీద ఎర్రక్షరాలతో 'సత్యవేదం ఫోటో స్టూడియో, తాడేపల్లిగూడెం' అని ఉంది. అబద్ధం ఆడదామని బయల్దేరినవాడికి ఆ సంచీని ఇంట్లో వదిలి రావాలన్న ఇంగితం లేకపోయింది.

ముప్ఫై ఏళ్ళు రీలు కెమెరాతో పెళ్ళిళ్ళు తీసినవాడు. డిజిటల్ వచ్చాక పెళ్ళిళ్ళు తగ్గి, పాస్‌పోర్టు ఫోటోలు మిగిలాయి. కిందటి నెల కైకలూరు వైపు నుంచి దేవదానం అనే ఆయన వెతుక్కుంటూ వచ్చాడు. "మా పెళ్ళి ఫోటోలు మీరే తీశారండి. మా పెద్దమ్మాయి పెళ్ళికీ మీరే రావాలి. కాకపోతే పిల్లలు డిజిటల్ కావాలంటున్నారు" అన్నాడు. "ఇప్పుడంతా డిజిటలే కదండీ" అనేశాడు సత్యవేదం, పుట్టినప్పట్నుంచీ అదే వాడుతున్నవాడిలా.

తర్వాత బెజవాడ వెళ్ళి డీఎస్ఎల్ఆర్ డిజిటల్ కెమెరా కొన్నాడు. ఇంటికి తెచ్చి అలవాటు కొద్దీ రీలు పెట్టే తలుపు కోసం వెనకంతా తడుముతూ కూర్చుంటే, భార్య పుష్పలత నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. గూడెంలో ఎవరినైనా సలహా అడిగితే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. అందుకని ఏలూరు బస్సెక్కాడు.

"పెళ్ళి తియ్యాలట మా వాడు. తక్కువలో ఏమేం కావాలో చెప్పమ్మా" అన్నాడు. అంటూనే అద్దాల బీరువాలో మెరుస్తున్న స్టార్ ఫిల్టరు చూసి ఆగలేకపోయాడు. "అదిగో, అది ఇవ్వు. కొవ్వొత్తి వెలుగు నక్షత్రంలా విచ్చుకుంటుంది. ఒకప్పుడు నేను... మా వాడు దాంతోనే పేరు తెచ్చుకున్నాడు."

"వద్దండి!" అంది అమ్మాయి గట్టిగా. "పెళ్ళికూతురి నగలన్నీ మతాబుల్లా వెలుగుతాయి."

"పోనీ ఆ ట్రైపాడు?"

"అంత జనంలో దాన్ని ఎక్కడ పాతుతారండీ? తర్వాత కొనుక్కోవచ్చు. ముందు ఫ్లాష్ చూడండి."

"పాతది ఉందిలేమ్మా."

"రీలు కెమెరాల నాటిదాండీ? దీనికి తగిలిస్తే ఒక్కోసారి లోపల కాలిపోతుంది." తల పైకి తిరిగే ఫ్లాష్ ఒకటి తీసింది. "పెద్ద కంపెనీది కాదు గానీ బాగా పనిచేస్తుందండి. వెలుగుని మెత్తబరిచే డిఫ్యూజరు కొనక్కర్లేదు. తెల్లట్టముక్క రబ్బరుబ్యాండుతో కట్టమనండి మీ మేనల్లుణ్ణి."

"తెలివైనదానివమ్మా. మెమరీ కార్డు ఒకటి ఇస్తే చాలు. మూడొందల ఫోటోలు పడతాయటగా. నా కాలంలో నాలుగు రీళ్ళతో పెళ్ళి లాగించేవాళ్ళం."

"రెండు తీసుకోండి. ఉన్న ఒక్కటీ పాడైతే పెళ్ళి మళ్ళీ చేస్తారాండీ?"

సత్యవేదం రెండు కార్డులూ పుచ్చుకున్నాడు. ఇంకో బ్యాటరీ కూడా పుచ్చుకున్నాడు. కెమెరా దాచుకునే ఖరీదైన పెట్టె మాత్రం ఆ అమ్మాయే వద్దంది. "మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసుకోమనండి. కొల్లేటి చెమ్మ లెన్సుకి మంచిది కాదు" అంది. గూడెంలో కొల్లేటి చెమ్మ ఏమిటో ఆయనకి అర్థం కాకపోయినా, తెలిసినట్టే తలూపాడు.

లెక్క కట్టించుకుని బయల్దేరబోతుంటే, "ఆగండి, నన్ను ఒక ఫోటో తియ్యండి" అంది.

"నేనా? నాకేం తెలుసమ్మా!" అన్నాడు గానీ, కెమెరా చేతికి రాగానే మోచేతులు పక్కటెముకలకి ఆనుకున్నాయి, ఎడమకన్ను దానంతటదే మూసుకుంది.

మొదటి ఫోటోలో ముఖం సున్నం కొట్టినట్టు వచ్చింది.

"ఫ్లాష్ సీలింగు వైపు తిప్పండి. ఇంకొకటి."

రెండోది చూసి, "గెడ్డం కింద నీడ పడుతోందండీ. ఇదిగో, ఈ అట్ట కట్టండి" అంది. మూడోదానికి పక్కకి తిరిగింది. నాలుగోదానికి చున్నీ తలమీదుగా కప్పుకుంది. ఇంత ఫోటోల పిచ్చి ఉన్న పిల్లని షాపులో ఎలా పెట్టుకున్నారా అనుకున్నాడు సత్యవేదం. పదకొండోసారి తెరమీద చూస్తే, వెలుగు మెత్తగా పరుచుకుని ముఖం కళకళలాడుతోంది. డార్క్‌రూములో మందునీళ్ళలో మొట్టమొదటి ప్రింటు మీద బొమ్మ తేలినప్పుడు కూడా ఆయన గుండె ఇలాగే కొట్టుకుంది.

"వచ్చిందమ్మా!" అన్నాడు చిన్నపిల్లాడిలా.

ఆ అమ్మాయి తెరవంక చాలాసేపు చూసింది. "ఇది బాగుందండి. ఇలాగే తియ్యమనండి మీ మేనల్లుణ్ణి" అని, హాయిగా ఊపిరి వదిలింది.

సత్యవేదానికి సిగ్గేసింది. అరగంట నిలబడి ఓపిగ్గా నేర్పిన పిల్లకి అబద్ధం చెప్పి వెళ్ళడానికి మనసొప్పలేదు.

"అమ్మా, మేనల్లుడూ లేడు, ఎవరూ లేరు. కెమెరా నాదే. వచ్చే గురువారం పెళ్ళి తియ్యాల్సిందీ నేనే."

"తెలుసండి."

"తెలిసే నేర్పావా! ఈ ముసలాడి పరువు నిలబెట్టావు తల్లీ. రేపు నీ పెళ్ళి కుదిరితే కబురు పెట్టు. ఎక్కడైనా సరే, పైసా పుచ్చుకోకుండా వచ్చి తీస్తాను."

ఆ అమ్మాయి తల వంచుకుంది.

"గురువారం పెళ్ళి నాదేనండి."