కాటమయ్య కునుకు

మక్తల్ టాకీసులో మధ్యాహ్నం ఆటకు పట్టుమని పదిమంది లేరు. అందులో ముగ్గురు ఎండ తప్పించుకోవడానికి వచ్చి నిద్రపోతున్నారు. మూలనున్న జంట తెర వైపు చూడటమే లేదు. సినిమాను సినిమాలా చూస్తున్నది కాటమయ్య ఒక్కడే.

పక్కన పరశురాములు సణుగుతూనే ఉన్నాడు.

"నేను చెప్తె ఇన్నవా అన్నా? రెండో దినానికే జనం లేరంట. గిది కూడ ఒక సిన్మానా?"

సణుగుడులో తప్పేం లేదు. ముగ్గురు దొంగలు గాజుల దుకాణం నుంచి బ్యాంకు దాకా ఒక్క రాత్రిలో సొరంగం తవ్వేశారు. ఒక్కడి చొక్కాకైనా మట్టి అంటలేదు. హీరోయిన్ హైహీల్స్ వేసుకుని ఆ సొరంగంలోనే నడిచి వచ్చింది, దారిలో ఒక పాట కూడా పాడింది. హీరో అయితే మేనేజరు కళ్లల్లోకి చూసి లాకరు నంబరు చెప్పేశాడు.

"మన దిక్కు బోరెయ్యాలంటెనే రెండు దినాలు. అడుగడుక్కు రాయి తగుల్తది," అన్నాడు పరశురాములు. "అసలు గంత తిప్పలెందుకు? తలుపుకు రెండు తాళంచెవులుంటయి. అవి దొరికితె అయిపాయె."

ఆయనకు తెలుసు మరి. ఊరి సొసైటీ బ్యాంకులో ఇరవై ఏళ్లు అటెండరుగా చేశాడు. కాటమయ్య ఒకప్పుడు అదే బ్యాంకుకు రాత్రి కాపలాదారు.

కాటమయ్య తెర మీంచి చూపు తిప్పలేదు. ఆయన వచ్చింది దొంగల కోసం కాదు, హీరో కోసమూ కాదు. పోస్టరు మీద ఒక మూలన ఖాకీ చొక్కా వేసుకున్న కాపలావాడి బొమ్మ ఉంది. వాణ్ని దొంగలు ఏం చేశారో చూడాలి. అంతే.

తెలంగాణ వచ్చిన ఏడాది ఆ బ్యాంకులో ఊరి ఆడవాళ్లు కుదువబెట్టిన బంగారమంతా ఒక్క రాత్రిలో పోయింది. పొద్దున ఊడ్చడానికి వచ్చిన గుర్వమ్మ పట్టి కుదిపితే గాని కాటమయ్యకు మెలకువ రాలేదు. పదిహేనేళ్ల కాపలాలో ఏనాడూ రెప్ప వాల్చినవాడు కాదు. ఆ రాత్రే వాల్చాడు.

పోలీసులు నాలుగు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టి, ఏమీ దొరక్క వదిలేశారు. ఊరు మాత్రం వదల్లేదు. ఈదమ్మ గుడి ముందు తడిబట్టలతో ప్రమాణం చెయ్యమంది. ఆయన కడవెడు నీళ్లు నెత్తిన పోసుకుని, ఆ సొమ్ము ముట్టలేదని ఒట్టేశాడు. ఊరు నమ్మినట్టే కనబడింది. అంతలో గుంపులోంచి ఎవరో అడిగారు.

"మరి పండలేదని కూడ ఒట్టెయ్యి."

అక్కడ ఆయన నోరు పెగల్లేదు. దొంగ ఒట్టు వేసి ఇంటికి పోయి కడుపునిండా తినేవాళ్లు లోకంలో కావలసినంతమంది ఉన్నారు. కాటమయ్యకు ఆ తెలివి లేదు.

"పండుకున్న," అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఆయన పని అయిపోయింది. దొంగలతో ఒప్పందం లేనిదే కాపలావాడు పడుకుంటాడా అంది ఊరు. పెళ్లి పిలుపులు ఆగిపోయాయి. ఆయన అరుగు మీద కూర్చుంటే పక్కవాళ్లు లేచిపోయేవారు. భార్య నాగరాణి ఆ దిగులుతోనే పోయింది. పాడె పట్టడానికి ఊళ్లో నలుగురు కలవకపోతే పరశురాములే పక్క ఊరి నుంచి మనుషుల్ని తెచ్చాడు. పదకొండేళ్లుగా ఆ గడప తొక్కుతున్నది కూడా ఆయనొక్కడే.

ఊరు వెలివేసిన బాధ ఒక ఎత్తు, ఆ నిద్ర ఒక ఎత్తు. అసలది ఎట్లా వచ్చింది? కాటమయ్యను లోపల తొలిచేది ఆ ప్రశ్నే. తన కళ్ల మీద తనకే నమ్మకం పోయిన మనిషి ఇంకొకరికి ఏం చెప్పుకుంటాడు?

తెర మీదికి కాపలావాడు వచ్చాడు. తుపాకి పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. దొంగలు పైకప్పు కన్నంలోంచి మత్తుమందు పొగ వదిలారు. వాడు ఈల నోట్లో పెట్టుకున్నాడు, ఊదలేకపోయాడు, నిలువునా కూలిపోయాడు. మరీ నాటకంలా కూలాడు. హాల్లో మెలకువగా ఉన్న నలుగురూ పకపకా నవ్వారు.

కాటమయ్య లేచి బయటకు నడిచాడు.

పరశురాములు వెంట పరుగెత్తాడు. "ఏమైందన్నా? నెత్తి తిరుగుతాందా? దవాఖానకు పోదమా?"

కాటమయ్య మెట్ల మీద కూలబడి ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే నవ్వుతున్నాడు. నాగరాణి పోయిన రోజు కూడా ఆయన ఇంతగా ఏడవలేదు.

"తమ్మీ, నేను పండలే. నన్ను పండవెట్టిన్రు."

సినిమా మొదలైనప్పటి నుంచి ఆగని పరశురాములు నోరు అక్కడ ఆగిపోయింది.

"పదకొండేండ్ల సంది నన్ను నేనే తిట్టుకుంటున్న. గీ ముచ్చట నా బుర్రకు తట్టనే లేదు. ఎవడో మందు వెట్టిండు. అయితె నా తప్పు లేనట్టే గదా? నువ్వన్న చెప్పు."

"లేదన్నా." పరశురాములు పక్కన కూర్చుని ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "నీ తప్పు లేదు."

ఇన్నేళ్లలో ఆ మాట అన్నవాడు ఊళ్లో ఒక్కడు లేడు. ఇవాళ ఒక్కడైనా అన్నాడు. కాటమయ్య గుండె మీంచి బండ దిగినట్టయింది.

పదకొండేళ్ల కిందట, డ్యూటీకి బయల్దేరిన తనకు నిద్రమాత్రలు కలిపిన చాయ్ అందించిన ఆ చేతిని, కాటమయ్య రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.