సామిగది కత్తి

ఆ ఉదయం పాలక్కాడు కనుమ మీదుగా మబ్బులు మందలు మందలుగా దిగాయి గాని, ఒక్కటీ నిలబడి చినుకు రాల్చలేదు. ఆడినెల గాలి వాటిని తరుముకుంటూ పోయింది. కొబ్బరితోట పక్క మైదానంలో నాటకం తెర ఆ గాలికి టపటపా కొట్టుకుంటోంది. దాని ముందు నటరాజన్ కర్రకత్తి తిప్పి బావమరిది మణికంఠన్ వీపున ఒక్కటి వేశాడు.

"ఈ దెబ్బ ఆటలో లేదే బావా!"

"కోటదొరకు కోపమొస్తే కొడతాడు. పడం చూడలేదారా నువ్వు?"

"చూడకేమి? చూసి చూసి టాకీసులో సీటు అరిగిపాయ."

"మరి ఏడుస్తావేమి?" అంటూ నటరాజన్ ఇంకొకటి వేశాడు. మణికంఠన్ పెదవి చిట్లింది.

వాత్యారు గోపాలసామి ఇద్దరి మధ్యకు పరుగెత్తాడు. ఉడుమలైపేట చుట్టుపట్ల తెలుగు ఊళ్లకు కత్తిదొర నాటకం నేర్పే కుటుంబం ఆయనది. కోటను మోసంతో కాజేసిన కోటదొరను కత్తిదొర పోరాడి చంపే కథ. పగటిపూట ఆడతారు. ఈ మధ్య అదే కథ సినిమాగా వచ్చింది. కుర్రాళ్లంతా కత్తిదొర మీసం పెంచారు. టౌనులో కటౌటుకు పాలు పోశారు. నాటకం దగ్గర మాత్రం నిరుడు సగంలో లేచిపోయారు. ఈసారీ లేచిపోతే ఇక నాటకం లేదని ఊరి పెద్దలు చెప్పేశారు. అప్పటినుంచి గోపాలసామికి తిన్నది ఒంటబట్టడం లేదు.

"కర్రతో కొట్టుకుంటే ఎవరు చూస్తారు వాత్యారే?" మణికంఠన్ నెత్తురు ఉమ్మి అన్నాడు. "పడంలో నిజం కత్తులు. మా సామిగదిలో తాతల కత్తి ఉండాది గదా. అది పడతాను. ఒక్కడు కదిలితే నా మీసం గొరిగించు."

"ఐయో, ఎవరికన్నా తగిలితే?"

"మొన అరగదీసి మొద్దు చేసేస్తిని. అక్క తెస్తుంది, చూడు."

నటరాజన్ పగలబడి నవ్వాడు. "పట్టనీ వాత్యారే. వీడి ఎముకలకు నాకు కర్రే చాలు."

నటరాజన్ పెళ్లాం శివకామి ఒక చేత్తో గంజి తూక్కుగిన్నె, ఇంకో చేత్తో పసుపుగుడ్డలో చుట్టిన కత్తి తెచ్చింది. ఆమె పుట్టింటివాళ్లు తప్ప ఇంకొకరు తాకకూడని కత్తి అది. గోపాలసామి చెయ్యి చాచబోయి, చప్పున వెనక్కు తీసుకుని దూరంనుంచే దండం పెట్టాడు. అప్పుడే ఆమె మోచేతి కింద కమిలిన చారలు కనబడ్డాయి.

"ఏమ్మా అది?"

"ఏమీ లేదు వాత్యారే. ఆయనకు ఇంట్లో ప్రాక్టీసు కావల్ల గదా." ఆమె నవ్వింది. "పడం వచ్చిననాటినుంచి కోటదొరే మా ఇంట్లో కాపురముండేది."

"వేషం దిగితే సరిపోతుందిలే," అన్నాడు గోపాలసామి, చూపు తెర మీదికి మళ్లించి. అంత గొంతున్న కోటదొర జిల్లా మొత్తం వెతికినా దొరకడు మరి.

"అవును. ఈ పొద్దుతో దిగిపోతుంది," అంది శివకామి.

పొద్దెక్కేసరికి మైదానం నిండింది. నిజం కత్తి అన్న మాట ఫోన్లలో పాకి చుట్టుపక్కల ఊళ్లనుంచి కుర్రాళ్లు ట్రాక్టర్లెక్కి వచ్చారు. మణికంఠన్ కత్తి దూయగానే ఈలలతో చెవులు దిబ్బడేశాయి.

నటరాజన్ ఆటకు కొట్టలేదు. మొదటి దెబ్బకే మణికంఠన్ కనుబొమ్మ పగిలింది. రెండో దెబ్బ మోకాలి మీద పడింది. పడినవాణ్ణి డొక్కలో తన్నాడు. "లేయిరా కత్తిదొరా! నీ అక్క వచ్చి లేపుతుందా?" జనం కోటదొరను బూతులు తిడుతూ బల్లలెక్కారు. ఒకడు చెప్పు విసిరాడు. తెర పక్కన గోపాలసామి మాత్రం ఒక్కడూ కదలలేదని మురిసిపోయాడు.

మణికంఠన్ లేచాడు. కళ్లలోకి కారే నెత్తురు తుడుచుకోలేదు. కర్రకత్తిని మధ్యకు నరికి, రెండడుగులు ముందుకు దూకి పొడిచాడు. నటరాజన్ ఛాతీ మీద ఎరుపు చిమ్మింది. సినిమాలోలాగే కావాలని చొక్కా కింద కుంకుమనీళ్ల సంచి కట్టుకున్నది అతనే. జనం ఊగిపోయారు. నటరాజన్ నోరు తెరిచాడు, మాట రాలేదు. బోర్లా పడ్డాడు.

గోపాలసామికి ఒళ్లు మండింది. చావు పద్యం మింగేశాడు! ఆ పద్యానికి వచ్చే చప్పట్లకోసమే వేషం కట్టేవాడు, దాన్నే వదిలేస్తాడా? మళ్లీ లేచి పాడతాడేమోనని చూశాడు. లేవలేదు. ఎర్రదుప్పటి తెచ్చి కప్పేశారు.

ఇక ఆ దుప్పటిని ఎవరూ ఎత్తకూడదు, అది ఈ నాటకం ఆచారం. చంపినవాడు వాత్యారుతో కలిసి, చచ్చినవాడి ఇంట మాట లేకుండా భోంచేయాలి. చంపిన పాపం ఆ అన్నంతో పోతుందంటారు. అందులో ఒక వంతు తీసిపెట్టి, ఇల్లాలు పట్టుకుపోయి మొగుడి నోట పెట్టి లేపాలి. ఆమె వచ్చేదాకా చచ్చినవాడు కదలకూడదు.

జనం మణికంఠన్‌ను భుజాలమీద మోసుకొచ్చి నటరాజన్ ఇంటి వాకిట దించి పోయారు. అతను మొహం కడుక్కుని ఆకు ముందు కూర్చున్నాడు. పక్క ఆకు ముందు గోపాలసామి. శివకామి చిన్న గిన్నెలో నటరాజన్ వంతు తీసిపెట్టి, ఇద్దరికీ అన్నం, ఉలవచారు వడ్డించి, తానూ తమ్ముడి ఎదురుగా ఆకు వేసుకుంది. వాకిట్లో గాలి తప్ప చప్పుడు లేదు. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు. వచ్చే ఏడు కూడా నాటకం ఉంటుందనుకుంటే గోపాలసామికి చాన్నాళ్ల తరవాత ముద్ద రుచిగా దిగింది. నటరాజన్ లేచి రానీ, ఆ పద్యం సంగతి అడగాలి అనుకున్నాడు.

మణికంఠన్ ఆకు ఖాళీ అయింది. శివకామి చిన్న గిన్నె అందుకుంది.

నటరాజన్ వంతును తమ్ముడి ఆకులో వడ్డించేసింది.