రెండో బ్రేకు

"గురువుగారూ, మీ నాన్నగారు ఏ వయసులో పోయారు?"

డ్రైవింగ్ స్కూల్లో చేరినవాడు మొదటిరోజే కారులో కూర్చుని అడగాల్సిన ప్రశ్నేనా అది?

గురువుకి ముప్ఫై ఒకటి. నేర్చుకోవడానికి వచ్చినాయనకి యాభై దాటాయి. నేర్పితే ఈ కుర్రగురువే నేర్పాలని పట్టుబట్టి మరీ చేరాడు.

"ముప్ఫై ఎనిమిదికే. నిద్రలో పోయారట. మీరు ముందు రోడ్డు చూడండి సార్."

"చూస్తూనే ఉన్నాను. మీరోసారి రక్తపరీక్ష చేయించుకోండి. కొలెస్ట్రాల్ ఎంతుందో తెలుస్తుంది."

"నాకేం సార్, గుండ్రాయిలా ఉన్నాను."

"నేనూ అలాగే ఉండేవాణ్ణి" అంటూ పెద్దాయన క్లచ్ ఠక్కున వదిలేశాడు. కారు ఓ కుదుపు కుదిపి ఆగిపోయింది.

మర్నాడూ అదే వరస. గేరు మార్చడం రాదు కానీ గుండె గురించి మాత్రం గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాడు. సిగరెట్లు మానమంటాడు. వయసులో ఉన్నప్పుడే చూపించుకోవాలంటాడు.

"మీ కనురెప్పల మీద ఆ పసుపు మచ్చలు ఎప్పట్నించి?" అని ఆరా తీస్తాడు. ఆయన రెప్పల మీదా అవే మచ్చలు, ఇంకాస్త పెద్దవి.

స్కూల్లో ఆయనకి 'ఇన్సూరెన్స్' అని పేరు పెట్టేశారు. "మీ ఇన్సూరెన్స్ వచ్చాడు, వెళ్ళవయ్యా" అని ఓనరు రోజూ నవ్వేవాడు.

ఒకరోజు కారుకి అడ్డంగా కుక్క పరుగెత్తింది. కుర్రగురువు తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు తొక్కేలోపే కారు ఆగింది, మెత్తగా, ఎవరూ ముందుకి తూలకుండా.

"అబ్బో! ఇదెక్కడ నేర్చుకున్నారు సార్?"

"మీ దగ్గరే కదా!" అన్నాడు పెద్దాయన, కంగారుగా.

ఆరోజు క్లాసయ్యాక కుర్రగురువు సిగరెట్ వెలిగించాడు. పెద్దాయన చటుక్కున లాక్కుని, కాలికింద వేసి నలిపేశాడు.

కుర్రగురువుకి ఒళ్ళు మండిపోయింది. "ఎవరండీ మీరు? నన్ను కన్నారా, పెంచారా? అసలు మీకూ నాకూ ఏమిటి సంబంధం?"

పెద్దాయన ఏదో చెప్పబోయి మాట మార్చాడు.

"ఆ పరీక్ష ఒక్కటి చేయించుకోండి. ఇక జన్మలో మీ కారెక్కను."

"ఒట్టు?"

"ఒట్టు."

పీడ వదిలితే చాలనుకుని కుర్రగురువు పొద్దున్నే పరగడుపున వెళ్ళి రక్తం ఇచ్చాడు.

నాలుగు రోజుల తర్వాత రిపోర్టు చూసి డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది.

"కొలెస్ట్రాల్ ఉండాల్సినదానికి రెండింతలుంది. మీ రెప్పల మీద ఈ పసుపు మచ్చలూ దానివే. ఇది ఒక్క తిండివల్ల వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చినట్టుంది. మీ ఇంట్లో చిన్న వయసులోనే ఎవరైనా పోయారా?"

"మా నాన్న. నా గతీ అంతేనా డాక్టర్? నాకు చిన్న పాప ఉంది."

"అంతేనని ఎవరన్నారు? మంచి సమయంలో వచ్చారు. మాత్ర రోజూ వేసుకోవాలి. సిగరెట్లు ఈ క్షణమే ఆపాలి. వేపుళ్ళు తగ్గించండి, బాగా నడవండి. పాపకీ పరీక్ష చేయిద్దాం. మీ రక్తసంబంధీకులు ఎక్కడున్నా సరే, అందరికీ చెప్పండి. అది మీ బాధ్యత."

కుర్రగురువు బయటికొచ్చి జేబులోని సిగరెట్ పెట్టె చెత్తబుట్టలో పడేశాడు. పెద్దాయన చేతులు పట్టుకుని క్షమించమని అడగాలనిపించింది. నేరుగా స్కూలుకి వెళ్ళి అడ్రసు అడిగాడు.

ఓనరు తల దించుకున్నాడు.

"రావడంలేదేమని ఇప్పుడే ఫోన్ చేశానయ్యా. నిన్న పోయాడట, గుండె ఆపరేషన్ చేస్తుండగా. విచిత్రమేమిటంటే, ఆయన ముప్ఫై ఏళ్ళు లారీ నడిపాడట! మరి మన దగ్గరికెందుకొచ్చినట్టు?"

కుర్రగురువు ఇంటికెళ్ళి ఉతికిన బట్టలు మడతపెడుతున్న తల్లి పక్కన కూర్చున్నాడు. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఏడుపు ఆపుకోలేకపోయాడు.

తల్లి చేతులు ఆగిపోయాయి.

"ఆయన కనురెప్పల మీద పసుపు మచ్చలున్నాయన్నావా?"

"అవునమ్మా. ఏం?"

"మీ నాన్నకీ ఉండేవిరా. మీ నాన్న పోయినప్పుడు, నేను కాపురానికొచ్చిన వేళే మంచిది కాదని అత్తింటివాళ్ళంతా నన్నే ఆడిపోసుకున్నారు. ఆ కోపం నాకు చల్లారలేదు. మొన్నామధ్య ఒకతను రెండుసార్లు వచ్చి, అబ్బాయికి ఒక్కమాట చెప్పి పోతానన్నాడు. నువ్వెవరో వాడికి చెబితే నామీదొట్టే అని మొహాన తలుపేశాను."

మడతపెట్టిన బట్టలు ఒళ్ళోంచి జారిపోతున్నా ఆమె పట్టించుకోలేదు.

"గడప తొక్కనివ్వకపోతే నీ కారెక్కాడన్నమాట, మీ నాన్న తమ్ముడు."