వంశీ గారి శిష్యురాలు

ప్రింటర్‌లో కాగితాలు ఎక్కడ పెట్టాలని అడిగింది కొత్తగా వచ్చిన సుభద్ర.

అంతే, వంశీకి ఆవిడ మీద జాలి పుట్టింది.

అరవై దాటిన మనిషి. తెల్లజుట్టు, స్పోర్ట్స్ షూస్, వానకోటు. క్రైస్ట్‌చర్చ్ ఆఫీసు నుంచి వెల్లింగ్టన్ వచ్చిందట. ఈ వయసులో కొత్త సీటు, కొత్త ప్రింటర్, పాపం.

ఆ మధ్యాహ్నమే మేనేజర్ హెలెన్ వచ్చి, ఇకమీదట గురువారం గురువారం సుభద్రతో కాఫీకి వెళ్ళమని, అది మెంటరింగ్ అని చెప్పింది.

వంశీ కాళ్ళు నేల మీద నిలవలేదు. టీమ్ లీడ్ ఉద్యోగానికి రెండుసార్లు ఇంటర్వ్యూకి వెళ్ళి రెండుసార్లూ బోల్తాపడ్డవాడు మరి. మూడోది రెండు నెలల్లో ఉంది. అదీ తప్పితే కాంట్రాక్టు అయిపోయి ఇంట్లో కూర్చోవడమే. ఇలాంటప్పుడు ఒకరికి నేర్పే పని తనకి అప్పజెప్పారంటే, ఆలస్యంగానైనా వీళ్ళకి తన విలువ తెలిసొచ్చిందన్నమాట!

వంశీ చదివిన కాలేజీలో చెప్పేవాడు గురువు, అడిగేవాడు శిష్యుడు. అందుకని హార్బర్ పక్కన బెంచీ మీద కూర్చోగానే మొదలెట్టేశాడు. గాలికి కాఫీ కప్పు మూత ఎగిరిపోయినా ఉపన్యాసం ఆగలేదు.

సుభద్ర ఓపిగ్గా విని, చివర్లో ఒక్కటే అడిగింది.

“మీ టీమ్‌లో ప్రణీత మీటింగుల్లో నోరు విప్పదేం?”

“బెరుకు ఆంటీ. కొత్త పిల్ల కదా.”

“అలాంటివాళ్ళ చేత మాట్లాడించాలంటే ఏం చేయాలంటారు?”

పెద్దావిడ అంత మర్యాదగా అడుగుతుంటే తెలియదని ఎలా అంటాడు? ముందు మనం కాసేపు నోరు మూసుకోవాలని నోటికొచ్చింది చెప్పేశాడు.

“బాగుంది. చేసి చూసి, వచ్చేవారం ఏమైందో చెప్తారా?”

ఇరుక్కుపోయాడు. చేయకపోతే పరువు పోతుంది. సోమవారం మీటింగులో పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాడు. ఆ నిశ్శబ్దం భరించలేక ప్రణీతే నోరు తెరిచింది. శుక్రవారం విడుదల చేయాల్సిన ప్రోగ్రామ్‌లో పెద్ద తప్పుందని, చెప్దామంటే ఇన్నాళ్ళూ వంశీ గారు సందివ్వలేదని చెప్పింది.

ఆ గండం గట్టెక్కిన కథని గురువారం తన ఘనతగా వినిపించాడు. సుభద్ర మెచ్చుకుని ఇంకో ప్రశ్న వేసింది.

అలా వారం వారం ఆవిడ అడగడం, ఇతను గొప్పకి ఏదో చెప్పడం, చెప్పిన పాపానికి చచ్చినట్టు చేయడం.

మూడో ఇంటర్వ్యూలో ప్రతి ప్రశ్నా చివరికంటా విని, ఒక్క క్షణం ఆగి, అప్పుడు జవాబు చెప్పాడు. అలా ఆగడం అతని జన్మలో అదే మొదలు. ఉద్యోగం వచ్చేసింది.

ఆ కబురొచ్చిన రోజే ఆఫీసు కిచెన్‌లో కేకు కనిపించింది. తనకోసమే అనుకుని అందరికన్నా ముందు పెద్ద ముక్క తిని, పేరుపేరునా థాంక్స్ చెప్పాడు. సుభద్ర నవ్వుతూ చప్పట్లు కొట్టింది.

మర్నాడు హెలెన్ గదికి వెళ్ళాడు. లీడ్ అయ్యాక పని పెరిగినా సరే, సుభద్ర ఆంటీని మధ్యలో వదిలేయనని, ఆవిడ ఇప్పుడిప్పుడే దారిలో పడుతోందని, ఇంకొన్నాళ్ళు తనే చూసుకుంటానని పెద్దమనసు చేసుకుని చెప్పాడు.

హెలెన్ నిన్నటి కేకు సుభద్ర రిటైర్మెంట్‌దని, ఆవిడ పొద్దున్న ఫ్లైట్‌కే వెళ్ళిపోయిందని చెప్పింది.

వంశీ మనసు చివుక్కుమంది.

“నాతో ఒక్క మాటైనా అనలేదే. ఇంకాస్త నేర్పేవాణ్ణి కదా.”

“రెండుసార్లు తప్పిన నిన్ను ఈసారైనా గట్టెక్కించమని నేను బతిమాలితే,” అంది హెలెన్ మెల్లగా, “రిటైర్మెంట్ వాయిదా వేసుకుని మరీ వచ్చిన నీ మెంటర్ ఆవిడ, వంశీ.”