నాలుగో ముడుపు

నాలుగోసారి కూడా మునిరామయ్య డ్రైవింగ్ టెస్టు తప్పాడు.

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి, ఎంతోమంది పిల్లల్ని మొహమాటం లేకుండా ఫెయిల్ చేసిన మాస్టారాయన. రిటైరవగానే పాత కారొకటి కొన్నాడు. పెళ్లయిన కొత్తలో భార్య శకుంతలమ్మను కిక్కిరిసిన బస్సులో, దారి పొడవునా నిలబెట్టి తిరుమలకు తీసుకెళ్లాడు. ఆమె ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఆయనకే గుచ్చుకుంటూ ఉంటుంది. ఇప్పుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఘాట్ రోడ్డు మలుపులన్నీ తానే తిప్పుకుంటూ కొండెక్కాలి. ఆయనకున్నది ఆ ఒక్క ఆశే.

కారు మాత్రం వడమాలపేటలో ఇంటి ముందే నిలబడి ఉంది. దాని కింద పిల్లి రెండుసార్లు పిల్లల్ని పెట్టింది.

మొదటి టెస్టులో కోన్లను గుద్దాడు. రెండోసారి ముందుకు పొమ్మంటే వెనక్కి పోయాడు. మూడోసారి ఎత్తు మీద బండి ఆగిపోయింది. ఈసారి అన్నీ సరిగ్గా చేసి, దిగి, ఇన్‌స్పెక్టరుకు దండం పెట్టాడు. హ్యాండ్ బ్రేకు మాత్రం వేయలేదు. కారు మెల్లగా ఇన్‌స్పెక్టరు వెంట పడింది.

టెస్టు తేదీ వచ్చినప్పుడల్లా శకుంతలమ్మ పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల ముడుపు కట్టి దేవుడి పటం ముందు పెడుతుంది. ఆయన టెస్టు తప్పి ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకుంటాడు. మర్నాడే ఆమె తలస్నానం చేసి, ఆ ముడుపు తీసుకుని కొండకు బయల్దేరుతుంది. ముఖంలో దిగులన్నది కనిపించదు.

“నీ స్వామికి నేనంటే పడదు,” అన్నాడు మునిరామయ్య ఈసారి. “నాలుగుసార్లూ మొండిచెయ్యి చూపించినాడు.”

“అట్లనొద్దండి. స్వామి అన్నీ వింటా ఉండాడు. మనకేది మంచిదో ఆయనకు తెలీదా? నమ్మాల.”

ఆ నమ్మకం చూసి మాస్టారికి సిగ్గేసింది. ఓడినప్పుడల్లా తాను దేవుణ్ని తిట్టాడు. ఆమె ఒక్కసారీ తిట్టలేదు. చొక్కా వేసుకుని ఆమెతో పాటు బస్సెక్కాడు.

దర్శనమయ్యాక శకుంతలమ్మ ముడుపు కళ్లకద్దుకుని హుండీలో వేసింది. మునిరామయ్య పక్కనే కళ్లు మూసుకున్నాడు.

‘స్వామీ, నాకు అడగడం కూడా చేతకాలేదు. ఇక నా కోరికంటూ ఏమీ లేదు. నా భార్య ఏం కోరుకుంటే అదే జరిపించు.’

చాలా నెలల తర్వాత ఆయన మనసు తేలికపడింది. కొండ దిగే బస్సులో భార్య వైపు తిరిగాడు.

“పని కాకపోయినా నాలుగు ముడుపులు చెల్లించినావు. అంత భక్తి నాకు యాడుండాది, శకుంతలా?”

మలుపు రాగానే శకుంతలమ్మ ఒక చేత్తో లడ్డూల సంచి, ఇంకో చేత్తో ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకుని, పరధ్యానంగా అంది:

“కోరిక తీరకుండా ముడుపు ఎవరైనా చెల్లిస్తారా?”