ఆయన మరెవరో కాదు

సభ నడుపుతున్న శశికళ మైకులో రెండో వాక్యం మొదలుపెట్టేసరికి స్టేజీ మీద కూర్చున్న జగన్మోహన్‌కి గుండె ఆగినంత పనైంది. ఆవిడ చదువుతున్నది అతని పరిచయం కాదు. కూతురు వేద స్కూల్లో చదవాల్సిన హిస్టరీ పేపరు!

ఇంకో పావుగంటలో అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగు సంఘం అధ్యక్ష ఎన్నిక. ఆ కుర్చీ కోసం ఆరేళ్లుగా కనిపించిన ప్రతివాడికీ దండం పెడుతున్నాడు పాపం. పొద్దున హడావుడిలో ప్రింటర్ మీది కాగితం లాక్కొచ్చాడు. అక్కడ రెండున్నాయని ఇప్పుడు గుర్తొచ్చింది.

వేద రాసింది పంతొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ రాజకీయ నాయకుడు సర్ ఎడ్మండ్ థార్న్‌లీ జీవితం. పేరు చెప్పకుండా చదివితే ఎవరో క్లాసు కనిపెట్టాలి. ఇంగ్లీషులోనే రాయించుకున్న జగన్మోహన్ పరిచయంలోనూ పేరు లేదు. సస్పెన్స్‌గా చివర్లో చెప్పాలని తనే పట్టుబట్టాడు మరి.

శశికళ ఇంగ్లీషు కాగితాన్ని అప్పటికప్పుడు తెలుగు చేసి చదువుతోంది.

"మామగారి పలుకుబడితో ఆయన తొలిసారి సభలో అడుగుపెట్టారు."

ముందు వరుసలో మామగారు సిగ్గుపడుతూ లేచి నమస్కారం చేశారు. చప్పట్లు మోగాయి. ఆపుదామని లేచిన జగన్మోహన్ ఆ చప్పట్లు విని మళ్లీ కూర్చున్నాడు.

"పదవి కోసం మూడుసార్లు పార్టీ మారారు."

"నాలుగండీ!" వెనకనుంచి ఎవరో సరిదిద్దారు.

"బావమరుదులిద్దరికీ పదవులిప్పించారు. పదకొండు భవనాలకు శంకుస్థాపన చేశారు. ఒక్కటీ పూర్తికాలేదు."

"మన కల్చరల్ సెంటర్‌ని కలిపితే పన్నెండు," అంది రెండో వరుసలోని గీతాంజలి పక్కావిడతో.

"రహస్య ఓటింగును ఆఖరిదాకా వ్యతిరేకించారు."

"కరెక్టే కదా! చేతులెత్తితే సరిపోతది. బిర్యానీ చల్లారిపోతున్నది!" అని జనంలోంచి ఇంకెవరో కేకేశారు.

శశికళ కాగితం దించింది. "ఆయన మరెవరో కాదు..."

"జగన్మోహన్!" అని హాలంతా ఒక్క గొంతుతో అరిచింది.

చేతులు లేచాయి. ప్రత్యర్థి తేజేశ్వర్‌కి మూడే వచ్చాయి. అందులో ఒకటి అతనిదే.

మెడలో దండతోనే జగన్మోహన్ పార్కింగ్ లాట్‌కి పరుగెత్తాడు. గెలిచిన సంతోషం కన్నా కూతురి చదువు పాడుచేశానన్న బాధే ఎక్కువగా ఉంది. వేద కారులో ఫోన్ చూసుకుంటోంది.

"సారీ తల్లీ, నీ పేపర్ నేను తెచ్చేశాను. మరి క్లాసులో ఏం చేశావు?"

"నీది చదివేశా నాన్నా. హాఫ్ వరకు నాకే తెలీలేదు. టెక్స్ట్ చేశాను, నువ్వు చూడలేదు."

"అయ్యయ్యో! అందులో తెలుగు సంఘం అని ఉందిగా?"

"టీచర్ అది ఆయన గెలిచిన ఊరు అనుకుంది."

"మరి... ఫెయిల్ చేశారా?"

"లేదు నాన్నా, ఎ ప్లస్ వచ్చింది. నేను చదవడం అయిపోగానే క్లాస్ అంతా ఒకేసారి అరిచారు, 'సర్ ఎడ్మండ్ థార్న్‌లీ' అని!"